కుండ ఎవరు పగలగొట్టారు?

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. సామెత పుట్టింది మన ఇళ్ళలోనే గానీ, దాన్ని శాస్త్రోక్తంగా అమలుపరచింది మాత్రం ఒక ఇంగ్లీషు చమురు కంపెనీ.

బ్రిటిష్ పెట్రోలియం పేరు వినే ఉంటారు. 2000లో అది పచ్చగా, పసుపుగా పొద్దుతిరుగుడు పువ్వులాంటి గుర్తు పెట్టుకుని, తన పేరులోని రెండు పొడి అక్షరాలకూ ‘పెట్రోలియాన్ని దాటి’ అని కొత్త అర్థం చెప్పుకుంది. 2004లో ఓ లెక్క తయారుచేసి జనం ముందు పెట్టింది. మీ ఇంటి వాడకం ఎంతో, మీ ప్రయాణాలెన్నో చెప్పండి, వాతావరణాన్ని మీరెంత పాడుచేస్తున్నారో మేం చూపిస్తాం అని! ‘కార్బన్ పాదముద్ర’ అన్న మాటను ఇంటింటికీ మోసుకెళ్ళింది ముఖ్యంగా దాని ప్రకటనలే. చమురు తవ్వేదీ అమ్మేదీ తను. పాదం మాత్రం మనది. ఆ పువ్వు పెట్టుకున్న పదేళ్ళకి, 2010లో, మెక్సికో సింధుశాఖలో దాని బావి పేలి పదకొండుమంది పోయారు. అది ఎవరి పాదముద్రో మరి!

ఎక్కడి గొడవో మనకెందుకంటారా? విడవలూరులో ఒక ఇల్లాలు పెరటి దీపం ఆర్పడం మరిచిపోయిందనుకోండి. తొమ్మిది వాట్ల బల్బు, పది గంటలు. యూనిట్లో పదోవంతు కూడా కాదు. తెల్లారేసరికి ఇంట్లో అందరూ ఆమెనే అంటారు. అదే తీరం వెంట దక్షిణంగా వెళితే, కృష్ణపట్నం రేవు దగ్గర, నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం ఉంది. 800 మెగావాట్ల యూనిట్లు మూడు. మూడోది వచ్చింది 2022లో. మూడూ నిండుగా నడిస్తే ఒక్క సెకనుకి ఆరువందల అరవై యూనిట్ల పైమాటే. ఈవిడ ఇరవై ఏళ్ళపాటు రోజూ రాత్రి ఆ దీపం మరిచిపోతే దానికి ఒక్క సెకను పని!

ఆ కరెంటు వాడేది మనమే కదా అంటారు. నిజమే. కానీ ఆమె అడిగింది వెలుతురు. అది బొగ్గులోంచి రావాలా, ఎండలోంచి రావాలా అని ఆమెనెవరూ అడగలేదు. బొగ్గు ధర పెరిగితే మాత్రం సర్దుబాటు ఛార్జీ పేరుతో ఆమె బిల్లులోకే వస్తుంది.

పోనీ, ఎండవాళ్ళ ప్రకటనలు నమ్ముదామా అంటే, అక్కడా ‘ఉచితం’ అన్న మాట ముందు పెద్దక్షరాల్లో ఉంటుంది. 2024లో కేంద్రం తెచ్చిన ఇంటికప్పు సౌర పథకం పేరులోనే ‘ముఫ్త్’ ఉంది. సబ్సిడీ 78,000 రూపాయల దాకా ఇస్తారు, మంచిదే. మిగతా ఖర్చు మనదేనని చెప్పేవేళకి గొంతు తగ్గుతుంది. ఆ తీరంలో రొయ్యల చెరువులున్న ఇల్లాళ్ళకి ఇంకో సంగతి తెలుసు. చెరువు నీళ్ళలో ప్రాణవాయువు బాగా పడిపోయేది తెల్లవారుజామున. ఏరేటర్లు తిరిగి తీరాల్సిన ఆ వేళకి సూర్యుడు ఇంకా లేవడు. ఎండ కరెంటుని రాత్రికి దాచాలంటే బ్యాటరీలు కావాలి. దాని ఖర్చెంతో కూడా చెప్పమనండి. అయినా నా ఓటు ఎండకే. బొగ్గుపొగతో వేడెక్కే సముద్రం, తుఫానులకి బలాన్నిచ్చే సముద్రం, ఈ తీరం ముందున్నదే. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫానుని చూసినవాళ్ళకి ఆ మాట విడమరచి చెప్పక్కర్లేదు.

స్విచ్చి ఆర్పడం మానమని కాదు నేననేది. పొదుపు మన అమ్మమ్మల నాటిది, ఏ కంపెనీ నేర్పలేదు. పొదుపు చెయ్యమనడం వేరు, పాపం నీదేననడం వేరు. ఈ రెంటినీ ఒకే ప్రకటనలో కలిపి పోశారు; అదీ నా ఫిర్యాదు.

ఛార్జీల ప్రతిపాదనల మీద రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ జరుపుతుంది. కంపెనీల తరఫున మాట్లాడేందుకు లాయర్లుంటారు, ఇంజనీర్లుంటారు. అభ్యంతరం ఎవరైనా రాసి పంపొచ్చు, కరెంటు బిల్లు కట్టే ఇల్లాలైనా సరే. ఏ కరెంటు ఎంతకి కొంటున్నారు, ఎన్నేళ్ళకి ఒప్పుకున్నారు అని అడగడానికి ఒక తెల్లకాగితం చాలు.