కొండ ప్రయాణము – తగులుబడి లెక్క

వాక్యభాగము: లూకా 14:28-30; లూకా 9:28-43



కొన్ని వారముల క్రిందట ఆరాధన ముగిసిన తరువాత ఒక పెద్ద సహోదరుడు నా కొరకు వాకిట నిలబడి ఉన్నారు. చేతిలో టూరు కంపెనీవారి రంగుల కాగితము. దానిమీద స్విట్జర్లాండులోని యుంగ్‌ఫ్రౌ మంచుకొండ బొమ్మ. "అయ్యగారూ, మాకు పెండ్లి అయి నలభై ఏండ్లు నిండుతున్నాయి. మా ఇంటావిడకు ఒక్కసారి మంచు చూపించాలని ఉంది. రిటైరుమెంటు డబ్బు సగం వేస్తాను, మిగిలింది బ్యాంకు అప్పు. వెళ్లడం తప్పంటారా?" అని అడిగారు.

వీరి తండ్రిగారు కోలారు బంగారు గనులలో పని చేసినవారు. ఆ గనులు 2001లో మూతపడినవి గాని, మన తెలుగు కుటుంబములు కొన్ని ఆ కూలి అన్నము తిని పెరిగినవే. అక్కడి ఛాంపియన్ రీఫ్ గని భూమి లోపలికి మూడు కిలోమీటర్లకు పైగా దిగినది. కుమారుడు ఎక్కగోరిన కొండమీది రైలు స్టేషను సముద్రమట్టమునకు 3,454 మీటర్ల ఎత్తున ఉన్నది. తండ్రి అంత లోతు చూచిన తరువాత కుమారునికి అంత ఎత్తు చూడాలని ఉండడము వింత కాదు.

నిజము ఒప్పుకొంటాను. ఆయన అడిగినప్పుడు మొదట నా మనస్సుకు వచ్చినది మన మందిరపు పైకప్పు. వాన వస్తే స్త్రీలు కూర్చునే వైపు కారుతున్నది. ఈ సొమ్ము ఇటు ఇస్తే ఎంత బాగుండును అనుకొన్నాను. ఆ మాట నోటి వరకు వచ్చి ఆగిపోయినది. బేతనియలో మరియ అత్తరు పోసినప్పుడు అటువంటి మాట ఎవరు అన్నారో జ్ఞాపకము వచ్చినది. ఆ అత్తరు మూడు వందల దేనారముల విలువగలది. కూలివానికి దినమునకు ఒక దేనారము. అనగా దాదాపు ఒక సంవత్సరపు జీతము! దానిని బీదలకు ఇవ్వలేదేమని అడిగినవాడు యూదా. ప్రభువు మరియ పక్షమున మాట్లాడెను (యోహాను 12:3-8). ఎదుటివాని సంచిలోని సొమ్మును మన ఇష్టప్రకారము ఖర్చు చేయుట సులభము. సేవకుడనైన నేను కూడ ఈ శోధనకు అతీతుడను కాను.

కాబట్టి ఖరీదైనది గనుక పాపము అని తీర్పు చెప్పలేము. అలసిపోయిన శిష్యులను ప్రభువే ఏకాంత స్థలమునకు పిలిచెను (మార్కు 6:31). మధుర ప్రాంతములో జ్వరములకు తమవారిని పోగొట్టుకొన్న అమెరికను మిషనెరీలు 1845లో కొడైకెనాలు కొండమీద ఇండ్లు కట్టుకొన్నారు. విశ్రాంతి తీసికొనుట సోమరితనము కాదు.

అయితే ప్రభువు మొదట కూర్చుండి లెక్క చూచుకొమ్మని చెప్పెను. ఆ సహోదరుడు చూడగోరిన కొండరైలు కథయే దీనికి చక్కని సాదృశ్యము. 1896లో కొండను తొలుచుట ప్రారంభించినప్పుడు ఏడేండ్లలో శిఖరము దగ్గరకు చేరుదుమని తలంచారు. పని పదహారేండ్లు పట్టినది. ఖర్చు అంచనాకు రెట్టింపైనది. పని తలపెట్టిన గూయెర్ జెల్లెర్ అనే ధనవంతుడు 1899లోనే కన్ను మూశాడు. పలువురు కూలివారు ఆ సొరంగములో ప్రాణములు విడిచారు. 1912లో రైలు నడిచినది గాని శిఖరమునకు చేరలేదు. రెండు శిఖరముల నడిమి పల్లము దగ్గరే ఆగినది. ఈనాటికీ అక్కడే ఆగుచున్నది. అంత తెలివిగలవారి లెక్క కూడ తప్పినది సుమా!

ఇక మన లెక్క. క్రింది పట్టణమునుండి ఆ స్టేషనుకు పోయి వచ్చుటకు పూర్తి టిక్కెట్టు మనిషికి రెండు వందల స్విస్ ఫ్రాంకులకు పైమాటే. ఇద్దరికి ఆ ఒక్క దినపు ఖర్చు నలభై వేల రూపాయలకు తగ్గదు. విమానము, బస, భోజనము వేరే. పైన మబ్బు పట్టినదా, తెల్లని గోడ తప్ప ఏమియు కనబడదు. అక్కడ గాలి పలుచన. గుండె జబ్బు, ఆయాసము ఉన్నవారు వైద్యుని అడుగకుండ వెళ్లరాదు. ఇవన్నియు కాగితముమీద వ్రాసికొనవలసినవే. అయితే ఆ సహోదరుని కాగితములో మూడు వరుసలు తప్పిపోయినవి.

మొదటి వరుస: సొమ్ము ఎవరిది? అప్పు చేయువాడు అప్పిచ్చినవానికి దాసుడగునని సామెతల గ్రంథము చెప్పుచున్నది (22:7). మందు కొరకో, పిల్లల ఫీజు కొరకో అప్పు తప్పకపోవచ్చును. చూడముచ్చట కొరకు దాసత్వము కొనుక్కొనవచ్చునా? కొండ దిగి వచ్చిన తరువాత కూడ నెలనెలా వాయిదా వచ్చుచునే ఉండును.

రెండవ వరుస: తోడు వచ్చువారి మనస్సు ఏమి? "అన్నా, అక్కను అడిగారా?" అన్నాను. ఆయన నవ్వి, "చెప్పకుండా తీసికొనిపోయి ఆశ్చర్యపరుస్తాను" అన్నారు. ఇంటికి పోయి అడుగుడని పంపించితిని.

మరుసటి ఆదివారము ఆ సహోదరియే వచ్చి చెప్పారు. "మంచు చూడాలని నాకూ ఉందండి అయ్యగారూ. కాని అప్పు చేసి తీసికొనిపోతే ఆ మంచుమీద నిలబడి కూడా వాయిదాలే లెక్కపెట్టుకుంటాను. ఇంకొక మాట. మా ఆడబిడ్డ కూతురు నర్సింగు చదువు ఆఖరి ఏడులో ఉంది. తండ్రి లేని పిల్ల. ఫీజు అడగలేక మా ఇంటికి రావడమే మానేసింది. ముందు అది చూడాలి."

ఇదియే మూడవ వరుస: కొండ దిగువన ఎవరున్నారు? రూపాంతరము పొందిన ప్రభువును చూచిన పేతురు అక్కడనే మూడు పర్ణశాలలు కట్టుదుమన్నాడు. ప్రభువు అక్కడ నిలిచిపోలేదు. మరునాడు దిగి వచ్చెను. దిగువన ఒక తండ్రి తన ఒక్కగానొక్క కుమారుని కొరకు ఏడ్చుచుండెను. ప్రభువు కొండ ఎక్కుట మానలేదు, దిగువ నున్నవానిని మరువలేదు. ఎక్కుటకు మాత్రమే లెక్క వేసి, దిగివచ్చినప్పుడు ఎదురుపడు ముఖమును లెక్కలో వేయకపోతే ఆ లెక్క సగమే.

ప్రియులారా, మన తెలుగు బాప్తిస్టులకు కూడ ఒక కొండ ఉన్నది. 1853లో అమెరికాలోని మన మిషను పెద్దలు కూడుకొని, ఇంత ఖర్చుకు ఇంత కొద్ది ఫలమే గదా, తెలుగు మిషను కొనసాగింపవలెనా అని తర్కించారు. కాగితముమీది అంకెలు చూస్తే వారి సందేహము తప్పు కాదు. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలులో జూయెట్ దొరగారు, దొరసానిగారు, వారితో ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తము ఐదుగురు ఒక కొండ ఎక్కి, క్రింద కనబడు గ్రామముల కొరకు ప్రార్థించారు. ఆ కొండకు టిక్కెట్టు లేదు. పైనుండి వారు చూచినది దిగువనున్న ప్రజలను. 1866లో క్లౌ దొరగారు ఒంగోలు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. బెంగుళూరులోను, చెన్నైలోను, బరంపురములోను, యానాములోను కూడుకొనుచున్న మనలో అనేకులము ఆ ప్రార్థనకు ఫలమే గదా!

ఆ సహోదరుడు బ్యాంకు కాగితములు చింపివేశారు. ఫీజు కట్టారు. వచ్చే ఏట అప్పు లేకుండ, వైద్యుడు సరే అంటే, ఆ దంపతులు వెళ్లవచ్చును, వెళ్లకపోవచ్చును. వెళితే సంతోషముగా ప్రార్థన చేసి పంపెదను. పైకప్పు మాట ఎత్తను. అది సంఘమంతయు మోయవలసిన భారము.

మీ ఇంట కూడ ఈ వేసవికి ఏదో ఒక కొండమాట వచ్చియే ఉండును. భార్యాభర్తలు కలిసి కూర్చుండి, ప్రార్థించి లెక్క వ్రాసుకొనుడి. టిక్కెట్టు ఖరీదు పైన వ్రాయుడి. దాని క్రింద, మీరు తిరిగి వచ్చువరకు మీ కొరకు కనిపెట్టుకొని ఉన్నవారి పేర్లు వ్రాయుడి. ఆ రెండును చూచిన తరువాత మీ మనస్సునకు సమాధానము ఉంటే నిర్భయముగా బయలుదేరుడి.

కొండలను సృజించిన దేవుడు మన రాకపోకలయందు మనలను కాపాడును గాక. ఆమేన్.