చదువు రాలేదన్న మాట ఎవరిది?

మా అబ్బాయికి డిస్లెక్సియా ఉందని 2008లో, వాడికి ఎనిమిదేళ్ళు నిండాక తేలింది. అప్పటిదాకా వాడిది బద్ధకమనీ నాది నిర్లక్ష్యమనీ అందరూ తేల్చేశారు. "తల్లి తెలుగు లెక్చరరు, కొడుక్కి ఒత్తులు రావు" అని బంధువులు నవ్వేవాళ్ళు. స్కూలు డైరీలో ఫిర్యాదులన్నీ నా పేరు మీదే వచ్చేవి. తండ్రిని ఎవరూ ఏమీ అడగలేదు. పరీక్ష చేసిన సైకాలజిస్టు "ఇందులో మీ తప్పేమీ లేదు" అన్నప్పుడు నేను ఏడ్చాను. ఆ ఏడుపు వాడి కోసం ఎంత, నా కోసం ఎంత అన్నది ఇప్పటికీ చెప్పలేను.

ఆ రోజుల్లోనే కార్ఖానాలో మా ఇంటికి పనికి వచ్చే ఆవిడ వెంట ఆమె కూతురు వస్తుండేది. మా వాడికంటే మూడేళ్ళు పెద్ద. ఒక్కసారి విన్న కథని పొల్లుపోకుండా తిరిగి చెప్పేది. పుస్తకం చేతికిస్తే మొదటి అక్షరం కింద వేలు పెట్టి ఆగిపోయేది. ఏడో తరగతిలో బడి మానిపించారు. "సదువు రాకుంటే పనన్న నేర్సుకోవాలె గదమ్మా" అంది తల్లి. నేను తలూపాను. కొడుకులో గుర్తుపట్టడం నేర్చుకున్నదాన్ని, అదే తడబాటు ఆ పిల్లలో చూసి కూడా 'దీనికి చదువు మీద మనసు లేదు' అనుకున్నాను.

ఆ అమ్మాయికి డిస్లెక్సియా ఉందో లేదో నేను చెప్పలేను. ఎవరూ పరీక్షించలేదు. నన్ను బాధించేది అదే.

పిల్లల మధ్య ఉండే ప్రతి తేడాకీ వైద్యం ఇచ్చే పేరు ఎందుకని స్నేహితురాళ్ళు అడుగుతారు. ఆడవాళ్ళ కోపానికీ దుఃఖానికీ హిస్టీరియా అని పేరు పెట్టిన చరిత్ర తెలిసిన మనకి ఆ అనుమానం రావడం న్యాయమే. కానీ చదవలేని పిల్ల పేరు లేకుండా ఏమీ ఉండదు. మొద్దు, సోమరి, మొండి అనే పేర్లు అప్పటికే పెట్టేసి ఉంటాం. కాబట్టి పేరు పెట్టాలా వద్దా అన్నది కాదు ప్రశ్న. ఏ పేరు ఆ పిల్లకి సహాయం తెస్తుంది, ఏది నిందను మాత్రమే మిగులుస్తుంది అన్నదే ప్రశ్న.

1896లో ప్రింగిల్ మోర్గాన్ అనే ఇంగ్లీషు వైద్యుడు పద్నాలుగేళ్ళ కుర్రవాడి గురించి రాశాడు. పాఠాలన్నీ నోటితోనే చెబితే బడిలో అందరికంటే తెలివైనవాడు వీడేనని ఆ పిల్లవాడి మాస్టారు అన్నాడట. ఆ తర్వాత చాలాకాలం ఇది మగపిల్లల సమస్యేనని నమ్మారు. 1990లో అమెరికాలో సాలీ షేవిట్జ్ బృందం ప్రచురించిన అధ్యయనంలో బడులు గుర్తించిన వాళ్ళలో మగపిల్లలు చాలా ఎక్కువ. పరిశోధకులు తామే పిల్లలందరినీ పరీక్షిస్తే ఆ తేడా దాదాపు లేదు. అల్లరి చేసే పిల్లవాడు టీచరు కంట పడతాడు. వెనక బెంచీలో తలవంచుకు కూర్చున్న ఆడపిల్లని 'బుద్ధిమంతురాలు' అని వదిలేస్తారు. మనం మెచ్చుకునే అణకువే ఆమెని దాచేసింది.

పరీక్షకి ముందు చూపూ వినికిడీ సరిగా ఉన్నాయో లేదో చూడాలి. తర్వాత తెలివిని విడిగా, చదవడం, రాయడం, మాటలోని శబ్దాలను విడదీయడం విడిగా పరిశీలిస్తారు. ఇది బుద్ధిమాంద్యం కాదు. పిల్ల ఏ భాషలో చదువుతుందో ఆ భాషలోనూ చూడాలి. తెలుగులో అక్షరానికీ శబ్దానికీ పొత్తు ఇంగ్లీషులో కంటే నిలకడగా ఉంటుంది గనుక ఇబ్బంది తప్పులకంటే నిదానంగా చదవడంలో, గుణింతాల్లో, ఒత్తుల్లో బయటపడవచ్చు. ఇంగ్లీషు పరీక్ష ఒక్కటే పెడితే, ఇంట్లో ఆ భాషే వినని పిల్లకి అన్యాయం జరుగుతుంది.

1995 వికలాంగుల చట్టంలో ఈ పేరే లేదు. 2016 చట్టం చేర్చింది. 2018 మార్గదర్శకాలు ఎనిమిదేళ్ళు నిండాకే సర్టిఫికెట్ అన్నాయి. చిన్నపిల్లలు అక్షరాలు తిరగేసి రాయడం మామూలే గనుక తొందరపడి ముద్ర వేయకపోవడం మంచిదే. కానీ సర్టిఫికెట్ ఆగవచ్చు గానీ సహాయం ఆగకూడదు. ఐదేళ్ళ పిల్లకి ప్రాసమాటలు పట్టుబడకపోతే, అక్షరాల పేర్లు ఎంతకీ నిలవకపోతే, ఇంట్లో మరొకరికి ఇదే ఇబ్బంది ఉంటే, శబ్దాల ఆటలు ఆడించడానికీ పక్కన కూర్చుని చదివి వినిపించడానికీ ఏ ముద్రా అక్కర్లేదు.

పోయిన ఏడాది ఆ అమ్మాయి యూకేజీ చదివే కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. "అక్షరాలు సూపిస్తే దిక్కులు సూస్తదమ్మా. నా లెక్కనే అయితదా?" అంది.

'ఏం కాదులే' అని నేను అనలేదు. అనే హక్కు నాకు లేదు. ముందు కళ్ళూ చెవులూ చూపిద్దామన్నాను. తర్వాత, పదిహేనేళ్ళు ఆలస్యంగా, నాకు ఒకరు చెప్పిన మాటే ఆమెకి చెప్పాను. "అప్పుడు నీ తప్పేమీ లేదమ్మా."

ఆమె ఏడవలేదు. "ఆ మాట అప్పుడే ఎవరన్న అనుంటే బాగుండు" అంది.