పొరపాటుకు విచారణ ఉండదా?

2013 మే 17 రాత్రి ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా ఎడెస్‌మెట్టలో జనం బీజ పండుం కోసం కూడారు. వానలు పడకముందు విత్తనాన్ని దేవతల ముందు పెట్టి, మొక్కుకుని, ఆ తర్వాతే చేలో చల్లే పండుగ అది. గోదావరి ఒడ్డున మనం భూమి పండుగ, విత్తనాల పండుగ అని చేసుకునేదీ ఇలాంటిదే. ఆ రాత్రి భద్రతా బలగాలు కాల్పులు జరిపాయి. మైనర్లతో సహా ఎనిమిది మంది ఊరివాళ్లు చనిపోయారు. ఒక కోబ్రా జవాను కూడా పోయాడు.

దీనిపై వేసిన జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ నివేదిక 2022 మార్చిలో అసెంబ్లీ ముందుకు వచ్చింది. చనిపోయిన ఊరివాళ్లు మావోయిస్టులు కారని, వాళ్ల దగ్గర తుపాకులు లేవని అది తేల్చింది. మంట చుట్టూ ఉన్న జనాన్ని చూసి బలగాలు కంగారులో కాల్చి ఉండవచ్చని చెప్పింది. మొత్తం 44 తూటాలు పేలాయి. అందులో 18 ఆ చనిపోయిన జవాను పేల్చినవే. అతనికి తగిలింది కూడా తోటివాళ్ల తూటాయే అయి ఉండవచ్చని రాసింది. జరిగింది పొరపాటు అంది.

ఈ ‘పొరపాటు’ అన్న మాట దగ్గర మనం కొంచెం ఆగి ఆలోచించాలి. కమిషన్ అబద్ధం చెప్పిందని నేను అనడం లేదు. చీకట్లో, అడవిలో, ప్రాణభయంతో ఉన్న మనిషి చేతిలో తుపాకీ ఉంటే అలా జరగవచ్చు. నా ప్రశ్న వేరు. పొరపాటు అని తేలితే అక్కడితో కథ ముగియాలా? లేక అసలు విచారణ అక్కడ మొదలవ్వాలా?

రోడ్డు మీద లారీ కింద పడి ఒక పిల్లవాడు పోతే డ్రైవరు కావాలని చంపలేదని అందరికీ తెలుసు. అయినా కేసు పెడతారు, కోర్టుకు తీసుకెళ్తారు. అతను ఎంత వేగంగా వచ్చాడు, బ్రేకు వేశాడా లేదా అన్నది జడ్జి ముందు తేలాలి. పోడు కొట్టినందుకు మన మీద కేసు రాసేటప్పుడు, ‘పాపం, తెలియక చేశాడు’ అని ఎవరూ వదిలిపెట్టరు. ఆ మాట కోర్టులో చెప్పుకో అంటారు. మనం ఏళ్ల తరబడి వాయిదాలకు తిరుగుతూ అదే చెప్పుకుంటున్నాం. మామూలు మనిషి పొరపాటుకు కోర్టు ఉన్నప్పుడు, తుపాకీ పట్టిన ఉద్యోగి పొరపాటుకు ఎందుకు ఉండకూడదు?

చట్టంలో దానికి చోటు లేదనుకోవద్దు. హత్యకు సంబంధించిన పాత 300 సెక్షన్‌లోనే మినహాయింపులు ఉన్నాయి. ఆత్మరక్షణలో మంచి మనసుతోనే హద్దు దాటినవాడికి ఒకటి. తన విధి అని నమ్మి అధికారం హద్దు దాటిన ప్రభుత్వ ఉద్యోగికి మరొకటి. కొత్త న్యాయ సంహితలోనూ అవి ఉన్నాయి. అలాంటి చావును హత్య అనరు, కానీ నేరం కాదని కూడా అనరు. అంటే భయాన్ని, కంగారును తూచడానికి చట్టం దగ్గర తక్కెడ ఉంది. మనం అడగాల్సింది ఆ తక్కెడను బయటికి తీయమనే.

ఈ మాట మన తెలుగు నేల మీదే గట్టిగా వినిపించింది. 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఎన్‌కౌంటర్ చావులపై తీర్పు ఇచ్చింది. పోలీసుల కాల్పుల్లో మనిషి చనిపోతే ఎఫ్‌ఐఆర్ నమోదు కావాలని, ఆత్మరక్షణ కోసమే కాల్చామన్నది కోర్టు విచారణలో రుజువు కావాలని చెప్పింది. పోలీసు అధికారుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది, తీర్పు అమలు ఆగింది. 2014లో మరో కేసులో సుప్రీంకోర్టు తానే మార్గదర్శకాలు ఇచ్చింది. ఎఫ్‌ఐఆర్ ఉండాలి, దర్యాప్తు సీఐడీ గానీ వేరే స్టేషన్ వాళ్లు గానీ చేయాలి, మెజిస్ట్రేట్ విచారణ జరగాలి, ఘటన జరిగిన వెంటనే బహుమతులు, ప్రమోషన్లు ఇవ్వకూడదు అంది.

ఎదుటివాళ్ల వాదన కూడా వినాలి. ప్రతి కాల్పుకూ కేసు పెడితే ఏ కానిస్టేబుల్ ధైర్యంగా పనిచేస్తాడు అంటారు. అడ్డగోలు కేసుల నుంచి కాపాడడానికే కదా ఉద్యోగిని విచారించే ముందు ప్రభుత్వ అనుమతి కావాలన్న నియమం ఉంది అంటారు. ఇందులో కొంత నిజం ఉంది. ఆ కానిస్టేబుల్ కూడా చాలాసార్లు పేదింటి బిడ్డే, ఒక్కోసారి ఆదివాసీ బిడ్డే. కానీ కేసు పెట్టడం, నేరస్థుడని తేల్చడం ఒకటి కాదు. విచారణ లేకపోతే నిజంగా ప్రాణం కాపాడుకోవడానికి కాల్చినవాడూ, పట్టుకున్నవాణ్ని నిలబెట్టి కాల్చినవాడూ లోకం కళ్లకు ఒక్కటిగానే కనిపిస్తారు. మొదటివాడికి అది న్యాయమా? ఎడెస్‌మెట్టలో పోయిన జవాను తల్లికి కూడా జవాబు కావాలి కదా. రాత్రి పూట ఆ దారిన ఎవరు పంపారు, ఎవరు కాల్చమన్నారు, అసలు ఎవరైనా అన్నారా? ‘పొరపాటు’ అన్న ఒక్క మాట కింద ఈ ప్రశ్నలన్నీ పడిపోతాయి.

విచారణ కమిషన్ నిజం చెప్పగలదు, శిక్ష వేయలేదు. 1952 నాటి చట్టం దానికి ఆ అధికారం ఇవ్వలేదు. 2012 జూన్‌లో సార్కెగూడలో 17 మంది చనిపోయారు. వాళ్లు మావోయిస్టులన్న రుజువు లేదని, వాళ్లవైపు నుంచి కాల్పులు జరగలేదని అదే జడ్జి కమిషన్ తేల్చేసరికి ఏడేళ్లు పట్టింది. ఎడెస్‌మెట్ట కేసు సుప్రీంకోర్టు ఆదేశంతో సీబీఐ చేతికి వెళ్లేసరికి 2019 వచ్చింది. నిజం ఆలస్యమైతే లెక్క కూడా చెరిగిపోతుంది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద జరిగిన కాల్పుల్లో 13 మంది పోయారని సర్కారు అంది. మన జనం చెప్పే లెక్క దానికి ఎన్నో రెట్లు. ఆ అంకె మీద నేటికీ ఒప్పుదల లేదు.

మన ఊళ్లలో ఒకరి ఎడ్లు ఇంకొకరి చేను మేస్తే, ఎడ్లవాడు వచ్చి పెద్దల ముందు కూర్చోవాలి. ఎద్దుకు తెలియదని అందరికీ తెలుసు. అయినా అతను రావాలి, నష్టపోయినవాడి మాట కూర్చుని వినాలి. తప్పు ఎంత అన్నది ఆ తర్వాత సంగతి. జవాబు చెప్పడం అంటే ముందు ఎదురుగా రావడం. పరిహారం చెక్కు ఇంటికి పంపితే అది జరగదు.

ఇదే కొలత అడవిలోని రెండో తుపాకీకీ వర్తిస్తుంది. ఇన్‌ఫార్మర్ అని ముద్ర వేసి మన మనుషుల్ని చంపినవాళ్లు కూడా ఏ విచారణకూ నిలబడలేదు. దాన్ని తప్పు అననివాడికి దీన్ని తప్పు అనే హక్కు తగ్గుతుంది. కానీ రాజ్యాంగం మీద ప్రమాణం చేసిన చేతికి బరువు ఇంకా ఎక్కువ.

అయితే విచారణ అడిగేవాళ్లు ఒక మాటకు కట్టుబడాలి. కోర్టులో సాక్ష్యాలన్నీ చూశాక జడ్జి కూడా ఇది పొరపాటే అంటే? అప్పుడు మనకు కష్టంగా ఉంటుంది, అయినా ఆ మాట వేరు. చచ్చినవాళ్ల తల్లులు సాక్షులుగా నిలబడి, కాల్చినవాడు వాళ్లెదుట బోనులో నిలబడి, పేర్లు పేర్లుగా పలికాక వచ్చిన పొరపాటు అది. అలాంటి పొరపాటును మన జనం మోయగలరు. ఎవరూ ఎదుటికి రాకుండానే ఫైలులో రాసిపెట్టిన పొరపాటును మాత్రం మోయమనకండి.