మండని చేతులు

అద్దంకి

చిట్టితల్లీ,

వార్డు కౌన్సిలర్‌గా నిలబడతానని చెప్పావు, సంతోషం. గెలిస్తే ఏం చెయ్యాలి తాతయ్యా అని అడిగావు. ఫోన్లో తేలే మాట కాదని రాస్తున్నాను.

నా చిన్నప్పుడు మన మిరపచేలో కోతకొచ్చే ఆడమనిషి ఒకామె ఉండేది. కాయ కోసి అందరూ చేతులు మండిపోతున్నాయంటుంటే, నాకేం తెలీడం లేదే అని నవ్వేది. మేమూ నవ్వేవాళ్లం. రెండేళ్లకి వేళ్లు వంకర తిరిగాయి. పెద్దరోగమన్నారు, కళ్లంలోకి రానివ్వలేదు. ఆఖరి కూలి డబ్బులు ఆమె చేతికివ్వకుండా గట్టు మీద పెట్టి వెనక్కి పరుగెత్తింది నేనే. ఈ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

ఇంచుమించు ఆ రోజుల్లోనే, 1958లో, హైదరాబాదు శివారు కూకట్‌పల్లిలో రాణీ కుముదినీదేవి కుష్ఠు రోగుల కోసం శివానంద రిహాబిలిటేషన్ హోమ్ పెట్టారు. వనపర్తి సంస్థానం కోడలామె. తండ్రి పింగళి వెంకట్రామారెడ్డి నిజాం ప్రభుత్వంలో ఉపప్రధాని. కోట గోడల వెనక కాలక్షేపం చెయ్యగలిగిన మనిషి. గురువు శివానందస్వామి పేరు పెట్టి, జనం కన్నెత్తి చూడని వాళ్లకి ఇల్లు కట్టించారు. 1962లో హైదరాబాదుకి తొలి మహిళా మేయరయ్యారు. వనపర్తి ఎమ్మెల్యేగానూ చేశారు. ఆ సంవత్సరాలు చూడమ్మా: పని ముందు మొదలైంది, పదవి తర్వాత వచ్చింది. పదవులు వెళ్లిపోయాయి. 2009లో ఆమె కూడా వెళ్లిపోయారు. హోమ్ మిగిలింది.

ఈ జబ్బు నరాలని పట్టుకుంటుంది. స్పర్శ పోతుంది. కాలినా, ముల్లు గుచ్చుకున్నా తెలియక పుండ్లవుతాయి. మిరప మంట తెలియకపోవడమే మన చేలో ఆ కూలీ మనిషికి మొదటి గుర్తని ఆనాడు మాకు తెలిస్తే ఆ వేళ్లు దక్కేవి. మందు అప్పటికే ఉంది. 1981లో రెండు మూడు మందులు కలిపి వాడే చికిత్స వచ్చింది. ఆరు నెలలకో ఏడాదికో నయమవుతుంది, సర్కారు ఆసుపత్రిలో ఉచితం. మనసులూ చట్టాలూ మాత్రం ఆలస్యంగా కదిలాయి. 1898 నాటి కుష్ఠు రోగుల చట్టం 2016లోగానీ రద్దు కాలేదు. ఒడిశాలో మునిసిపాలిటీకి ఎన్నికైన ఒకాయనకి ఈ జబ్బుందని పదవి తీసేస్తే, 2008లో సుప్రీంకోర్టు కూడా అలా తీసేయమనే ఆ రాష్ట్ర మునిసిపల్ చట్టాన్నే నిలబెట్టింది. నువ్వు పోటీ చెయ్యబోయేది అలాంటి కుర్చీకే. జనం ఓటేసి కూర్చోబెట్టినా, జబ్బు పేరు చెప్పి లేపేశారు.

నామినేషన్ సంగతి తర్వాత. ఈ మాఘమాసంలో కోతకెళ్లే కూలీల ఆటోలు కదలకముందే ఆశా కార్యకర్తని వెంటబెట్టుకుని వెళ్లు. పాలిపోయి, గిల్లినా తెలియని మచ్చ ఎవరికైనా ఉందేమో కనుక్కో. పదిమందిలో అడగొద్దు, పక్కకి పిలిచి మెల్లగా అడుగు. ఉంటే చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి నువ్వే తీసుకెళ్లు. గెలిచినా ఓడినా వచ్చే ఏడు కోతకీ మళ్లీ వెళ్లు తల్లీ.

ఆశీస్సులతో,
మీ తాతయ్య