ఉగ్రం చల్లారిన అడవి

హిరణ్యకశిపుణ్ని చీల్చాక కూడా నరసింహుడి కోపం చల్లారలేదు. భాగవతంలో ఆయన్ని శాంతింపజేసింది ప్రహ్లాదుడు. అహోబిలం చుట్టుపక్కల చెప్పుకునే కథ వేరు. ఉగ్రంతో ఊగిపోతూ నల్లమలలో తిరుగుతున్న స్వామి అక్కడి చెంచుల ఆడపడుచు చెంచులక్ష్మిని చూసి చల్లబడి, ఆమెను పెళ్లాడాడంటారు. అందుకే చెంచులకు ఆయన ఇంటి అల్లుడు. దేవుడి కోపానికీ అడవిలోనే మందు దొరికిందని నమ్మిన ఆ జనానికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహుడి సన్నిధికి వెళ్లే దారి భవనాశి వాగు వెంట సాగుతుంది. బయల్దేరినప్పుడు కబుర్లు, ఫోన్లు, పిల్లల మీద కసుర్లు. చేతికర్ర ఊతంగా రాయీ రాయీ చూసుకుని అడుగేయాల్సి వచ్చేసరికి మాటలు వాటంతటవే తగ్గిపోతాయి. వాగు చప్పుడు అప్పుడు గానీ చెవిన పడదు. ఊపిరి నిండుగా ఆడుతుంది. వానల తర్వాత వెళ్తే గుడి ముందు కొండ మీంచి దూకే నీటి తుంపర మొహాన్ని తడుపుతుంది. స్వామిని అడగాలనుకున్న కోరికల్లో సగం అప్పటికే గుర్తుండవు. దర్శనం గర్భగుడి ముందు కాదు, వాగు ఒడ్డునే మొదలైందని నేను నమ్ముతాను.

అడవి వల్ల దేహానికి జరిగే మేలును జపాన్ వాళ్లు కొలిచి చూశారు. అడవిలో తీరిగ్గా గడపడాన్ని అక్కడి అటవీ శాఖ 1982 నుంచే 'షిన్‌రిన్ యోకు' పేరుతో ప్రోత్సహిస్తోంది. 24 అడవుల్లో జరిపిన పరిశీలన ఫలితాలు 2010లో వెలువడ్డాయి. నగరంలో ఉన్నప్పటి కన్నా అడవిలో ఉన్నప్పుడు రక్తపోటు, నాడి వేగం, ఒత్తిడిలో పెరిగే కార్టిసాల్ హార్మోను తక్కువగా కనిపించాయి. చెట్లు గాలిలోకి వదిలే సువాసన పదార్థాలు రోగనిరోధక కణాలకు చురుకు పుట్టిస్తాయని మరికొన్ని పరిశోధనలు సూచించాయి. అలాగని బీపీ మాత్రలు మానేయకండి. గుండె జబ్బు, మోకాళ్ల నొప్పులు ఉన్నవారు డాక్టరును అడిగాకే కొండెక్కాలి.

బాధ కలిగించేది ఒక్కటే. అంత దూరం వెళ్లి కూడా కొందరు స్పీకర్లలో పాటలు మోగిస్తారు, ఖాళీ సీసాలు వాగులోకి విసిరేస్తారు. అది పులులు తిరిగే అడవి, చెంచుల పుట్టిల్లు. ఈసారి వెళ్తే మీ సీసా మీ సంచిలోనే వెనక్కి తెచ్చుకోండి. దారిలో ఎక్కడైనా ఓ గంట, ఫోను కట్టేసి, చెట్టు కింద ఊరికే కూర్చోండి.