శిలాగర్భమందలి ప్రాణము



మా వెంకటాచలమునకు నైరుతిగా సైదాపురము వైపు పోయినచో అభ్రకపు గనుల నేల కానవచ్చును. అచ్చటి రాతిపలుకు నొకదానిని తరగతికి తెచ్చి, ఒక బాలుడు, “అయ్యవారూ, భూమి లోపలి రాతిలో ప్రాణముండునా?” అని యడిగెను. “రాతిలో ప్రాణమెక్కడిది నాయనా!” అని నవ్వితిని. ఆ నవ్వు అజ్ఞానమని పిమ్మట చదివి తెలిసికొంటిని.

మహారాష్ట్రములోని కోయనా యొద్ద 1967 డిసెంబరులో గొప్ప భూకంపము సంభవించెను. అచ్చటి భూకంపముల తీరు నెరుగుటకై కాలాంతరమున లోతైన బోర్లు వేసిరి. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ యీ కృషిలో పాలుగొన్నది. వెలికివచ్చిన రాళ్లను ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. శాస్త్రజ్ఞులు పరీక్షించిరి. సుమారు 6.5 కోట్ల ఏండ్ల నాటి నల్లరాతి పొరలందును, వాని క్రింద 250 కోట్ల ఏండ్లకు పైబడిన గ్రానైటునందును సూక్ష్మజీవుల జాడ గలదని 2018లో ప్రకటించిరి.

ఎండ సోకని చోట ఆహారమెట్లు? దక్షిణాఫ్రికాలోని ఒక బంగారు గనిలో, సుమారు 2.8 కిలోమీటర్ల లోతున, రాతి పగుళ్ల నీటియందొక సూక్ష్మజీవి దొరకినది. దాని సంగతి 2008లో విశదమైనది. రాతిలోని యురేనియము వెలువరించు కిరణములు నీటిని విడగొట్టగా ఉదజని పుట్టును. దానిని, నీటిలోని గంధక లవణములను ఆధారముగా గొని ఆ జీవి శక్తిని పొందును. పరిసరములందలి కర్బనముతోనే తన దేహమును నిర్మించుకొనును.

ఇది మన మతమునకు శాస్త్రము పలికిన సాక్ష్యమని నేననను. శాస్త్రజ్ఞులు వెదకినది జీవిని, దేవుని కాదు. అయినను మనము నేర్వవలసినది కలదు. చూచువారు లేకున్నను, మెచ్చువారు లేకున్నను, ఆ జీవి తన పని మానలేదు. మనమో, నలుగురు చూచినగాని కాయకము చేయము. పేరు చెక్కించినగాని దాసోహము పెట్టము.

ఇక నా తప్పు చెప్పుకొందును. మా పెరటిలో ఎండిన బోరుబావిలోనికి కొన్నాళ్లు వాడుకనీటిని వదలితిని. “క్రింద నేమున్నది, చీకటియే కదా” యనుకొంటిని. ఆ చీకటిలోని నీరే పొరుగువాని బావిలో ఊరునని తలపనైతిని. కంటికి కానరానిది లేనిదే యనుకొనుట బాలుని యెదుట నవ్వుగా వచ్చినది, పెరటిలో పాపమైనది. నేల క్రింది నీరు ఎల్లవారి సొత్తు. దానిని మలినపరచి గృహమున ఎంత నిష్ఠతో లింగపూజ చేసినను, జీవదయను బోధించిన బసవేశ్వరుని బాటలో నడచినట్లు కాదు.

ఆ బోరును మూయించితిని. మరునాడు తరగతిలో ఆ బాలుని నిలబెట్టి, “నీ ప్రశ్నయే మేలైనది, నా జవాబే తప్పు” అని అందరి యెదుట నంటిని. మీ పెరళ్లను గూడ ఒకసారి చూచుకొనుడు.

శరణు శరణార్థి.