తడి కత్తి ఒరలో



ఈ మాట ఎత్తడానికి మేమూ చాలా రోజులు జంకాం. అమ్మలు, అక్కచెల్లెళ్లు కూర్చునే చోట బూతు వీడియోల ముచ్చట ఎలా అని. కానీ 2016లో డేటా చవకయ్యాక అవి కుర్రాడి జేబులోకే వచ్చేశాయి. 2018లో ప్రభుత్వం 827 సైట్లు మూయించమంది. ఒక తలుపు మూస్తే ఇంకోటి తెరుచుకుంది. తాళాలు చేసేవాళ్లం, బయటి తాళం ఎంతవరకు ఆపుతుందో మనకు తెలియదా!

బిలాస్‌పూర్ రైల్వే ఊరు. ఎవరో ఒకరు ఎప్పుడూ నైట్ డ్యూటీలోనో, ప్రయాణంలోనో ఉంటారు. మన కుర్రాళ్లూ కత్తులు, తాళాలు పట్టుకుని ఊరూరా తిరిగి, చీకటి పడ్డాక అద్దె గదికి చేరతారు. పలకరించే మనిషి ఉండడు. ఫోను తెరుస్తారు. చూసినంతసేపు ఒంటరితనం తెలియదు. ఆపాక గది మునుపటికన్నా బోసిగా ఉంటుంది, పైగా సిగ్గు. ఆ సిగ్గుతో భార్యకు ఫోను చేయడు, సంగత్‌కు రాడు. రాకపోయేసరికి ఇంకా ఒంటరి. మళ్లీ ఫోను. ఈ రెండూ ఒకదాన్నొకటి పెంచగలవని 2018లో అమెరికా పరిశోధకులు కొందరు రాశారు. పక్కనే భార్య పడుకున్నా ఇదే జరగొచ్చు. అప్పుడు ఒంటరివాళ్లు ఇద్దరు.

"తెర మీదదేగా, పరాయి స్త్రీ దగ్గరికి పోలేదుగా" అంటారు కొందరు. తెర మీద ఉన్నదీ ఒకరి బిడ్డే.

గురువులు కామాన్ని ఐదుగురు దొంగల్లో చేర్చారు. దొంగ వచ్చేది ఇంట్లో మనుషులు లేనప్పుడే కదా.

సిక్లీగర్ అనే పేరే ఆయుధానికి మెరుగు పెట్టడం నుంచి వచ్చింది. తడి కత్తిని ఒరలో దాస్తే ఏమవుతుందో మన పిల్లలకూ తెలుసు. తుడుస్తాం, గాలి తగలనిస్తాం, నూనె రాస్తాం. పారేయం. బిడ్డ పట్టుబడితే కొందరు పెద్దలు నలుగురిలో నిలబెట్టి తిడతారు. మాకది నచ్చదు. అది తడి కత్తిని ఇంకా లోపలికి తోయడమే.

పడుకునే ముందు ఇంట్లో అందరూ కలిసి సోహిలా చదవండి. తర్వాత ఫోన్లన్నీ ముందు గదిలో చార్జింగ్‌కు పెట్టండి, నాన్నది కూడా. దూరాన ఉన్న అబ్బాయికి అమ్మ రాత్రిపూట ఫోను చేసి "ఏం తిన్నావురా?" అని అడగాలి. "ఏం చూస్తున్నావు?" అని కాదు. మీ వీధిలో గదిలో ఒక్కడే ఉండే కుర్రాడు ఉంటే ఆదివారం వెంటబెట్టుకు రండి. లంగర్‌లో రొట్టెలు కాల్చడానికి మనుషులు ఎప్పుడూ చాలరు.